డర్ట్ బైక్ నేర్చుకునే బిడ్డ వెంట వెళ్లే ముందు జాగ్రత్తలు

హైదరాబాద్ శివార్లలో ఖాళీగా ఉన్నంత మాత్రాన ఏ లేఅవుట్ రోడ్డూ డర్ట్ బైక్ (మట్టి దారుల్లో నడిపే మోటారు సైకిల్) సాధనకు పనికిరాదు. మైనరు వాహనం నడిపి నేరానికి పాల్పడితే, 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో చేరిన 199ఎ సెక్షన్ ప్రకారం తల్లిదండ్రులకు మూడేళ్ల వరకు జైలుశిక్ష, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు కనుక, యజమాని అనుమతి ఉన్న ప్రైవేటు ట్రాక్‌కే తీసుకెళ్లాలి.

ముఖమంతా కప్పే హెల్మెట్ బిగుతుగా సరిపోవాలి; పెరిగే పిల్లవాడే కదా అని పెద్ద సైజు కొనడం ఎంతమాత్రం తగదు, పడినప్పుడు అది జారిపోతుంది. చీలమండలు దాటే బూట్లు, చేతి తొడుగులు, మోకాలి కవచాలు తప్పనిసరి.

సీటుపై కూర్చుంటే పాదాలు నేలకు ఆనాలి. ఇంజను ఆపే కిల్ స్విచ్‌ను ముందుగా మీరే పరీక్షించాలి.

బెదిరిన పిల్లలు యాక్సిలరేటర్‌ను వదలడానికి బదులు మరింత గట్టిగా పట్టుకునే అవకాశం ఉంది కాబట్టి, వీడియో కోసమైనా సరే, దయచేసి బండికి ఎదురుగా నిలబడకండి.