కుక్క ఆగిన చోట ఫొటో: రోజువారీ నడకలో ఛాయాచిత్రాలు తీసే పద్ధతి

కుక్కను రోజూ నడకకు తీసుకెళ్లేవారు ఫొటోగ్రఫీ సాధన కోసం వేరే సమయం వెతుక్కోనక్కరలేదు. ఒకే దారిలో, దాదాపు ఒకే వేళకు, ఏడాది పొడవునా నడవడం వల్ల ఏ నెలలో ఏ గోడ మీద ఎండ ఎలా పడుతుందో వారికి క్రమంగా తెలిసిపోతుంది. అయితే ఆ నడక కుక్కది అన్న సంగతిని ముందే మనసులో పెట్టుకోవాలి. ఫొటో కోసం దాన్ని లాగడం, పదే పదే కూర్చోమనడం మొదలుపెడితే, కొద్ది రోజులకే కెమెరా కనబడగానే అది మొహం తిప్పుకుంటుంది.

కనుక అది ఆగిన చోట మీరూ ఆగండి. మనిషి ముక్కులో వాసన పట్టే గ్రాహకాలు సుమారు 50–60 లక్షలైతే, కుక్క ముక్కులో జాతిని బట్టి 20–30 కోట్ల వరకు ఉంటాయని అంచనా. మనం చూడకుండా దాటిపోయే స్తంభం దగ్గర అది అర నిమిషం నిలబడిపోవడం అందుకే. ఆ అర నిమిషాన్ని చాలామంది ఫోన్‌లో సందేశాలు చూసుకోవడానికి వాడేస్తారు. దానికి బదులు మొదట నేల వైపు, తర్వాత ఎదురుగా, ఆపైన వచ్చిన దారి వైపు వెనక్కి తిరిగి చూడండి. వెనక్కి చూడడం మాత్రం మానవద్దు. వెలుతురుకు ఎదురు నడుస్తున్నప్పుడు మామూలుగా కనిపించిన వీధి, అటు తిరిగి చూస్తే మరోలా ఉంటుంది.

ఒక ఉదయం మా కుక్క ఒక పాత ఇనుప గేటు దగ్గర ఆగి ఎంతకీ కదల్లేదు. వంగి చూస్తే గేటు ఊచల నీడలు దాని వీపు మీద వరుసగా పడి ఉన్నాయి, గేటు అడుగున రాలిన తుప్పు తడి నేల మీద ఎర్రటి చారగా జారింది, ఆ చారకు అంగుళం దూరంలో దాని ముక్కు ఆడుతోంది. రెండేళ్లుగా ఆ గేటు పక్కనుంచే వెళ్తున్నా ఆ చారను నేను ఒక్కసారి కూడా చూడలేదు.

పరికరాల సంగతికి వస్తే, జేబులోని ఫోన్ చాలు. బయలుదేరే ముందు లెన్సును మెత్తని గుడ్డతో తుడవండి; మసకబారిన ఫొటోల్లో చాలావాటికి వేలిముద్రలే కారణం. ఒక చేతిలో లీష్ ఉంటుంది కాబట్టి, వాల్యూమ్ బటన్‌తో ఫొటో తీయడం అలవాటు చేసుకోండి. లీష్ కొసను మణికట్టుకు తగిలించుకోవచ్చు గానీ వేళ్లకు చుట్టుకోకూడదు, కుక్క ఒక్కసారిగా దూకితే వేళ్లు విరిగే ప్రమాదం ఉంది. ఫొటో తీసే రోజుల్లో సాగే లీష్ కన్నా రెండు మీటర్లకు మించని మామూలు లీష్ మేలు. రోడ్డు దాటేటప్పుడు ఫోన్ జేబులోనే ఉండాలి.

కుక్కను తీయదలచుకుంటే మోకాళ్ల మీద కూర్చుని, దాని కళ్ల ఎత్తుకు దిగి, దగ్గరగా ఉన్న కంటి మీద ఫోకస్ పెట్టండి. నిలబడి పైనుంచి తీస్తే వీపూ రోడ్డూ తప్ప ఇంకేమీ రాదు. షట్టర్ స్పీడ్ (ఫొటో తీసేటప్పుడు కెమెరా వెలుతురును లోపలికి తీసుకునే సమయం) మార్చుకునే వీలుంటే మెల్లగా నడిచే కుక్కకు 1/500, పరుగెత్తే కుక్కకు 1/1000 సెకను దగ్గర మొదలుపెట్టండి. తడిసిన పెద్ద కుక్క ఒళ్లు దులుపుకునేటప్పుడు సెకనుకు నాలుగైదు సార్లు అటూ ఇటూ ఊగుతుంది. 1/1000లో నీటి చుక్కలు గాలిలో విడివిడిగా నిలుస్తాయి, 1/60లో బొచ్చు, నీళ్లు కలిసి సుడిలా వస్తాయి. నాకు రెండోదే ఇష్టం, ఆ ఊపు అందులోనే కనబడుతుంది. నల్ల కుక్క ఫ్రేమును నింపినప్పుడు కెమెరా దాన్ని బూడిద రంగుకు తేవాలని చూస్తుంది కనుక ఎక్స్‌పోజర్‌ను, అంటే ఫొటోకు అందే వెలుతురును, ఒక స్టాప్ వరకు (సగం దాకా) తగ్గించాలి, తెల్ల కుక్కకు అదే విధంగా పెంచాలి.

సూర్యోదయం తర్వాతి గంటలోనూ, సూర్యాస్తమయానికి ముందటి గంటలోనూ ఎండ ఏటవాలుగా పడి బొచ్చు అంచులు మెరుస్తాయి. కుక్కకూ ఆ వేళలే హాయి. వేసవిలో అరచేతి వెనక భాగాన్ని రోడ్డు మీద ఏడు సెకన్లు ఆనించి చూడండి. మీ చేయి తట్టుకోలేకపోతే దాని పాదాలూ తట్టుకోలేవు, ఫొటో ఎంత బాగా వచ్చేలా ఉన్నా నీడకు మళ్లడమే సరైన పని.

కుక్క వెంట ఉంటే అపరిచితులు తామే వచ్చి పలకరిస్తారు. వారి ముఖం ఫొటోలో ఉండాలనుకుంటే అడిగి తీయండి. పిల్లలైతే పెద్దల అనుమతి తప్పనిసరి. కొన్నిసార్లు కుక్క తలను నిమురుతున్న చేతిని మాత్రమే తీస్తే సరిపోతుంది.

ఇంటికి వచ్చాక ఆ రోజు తీసినవాటిలో ఒక్కటే ఉంచుకుని మిగతావి తీసేయండి. దానితోపాటు, కుక్క తప్పకుండా ఆగే చోటు ఒకటి ఎంచుకుని నెలకొకసారి అదే జాగాలో నిలబడి, అదే ఎత్తునుంచి, జూమ్ మార్చకుండా ఒక ఫొటో తీస్తూ రండి. పన్నెండు ఫొటోలను పక్కపక్కన పెట్టినప్పుడు చెట్టు ఆకులు రాల్చడం, గోడకు కొత్త రంగు పడడం, కుక్క మూతి మీద బొచ్చు తెల్లబడడం ఒకే వరుసలో కనిపిస్తాయి.