నానోట్యూబులు ఉండకడితే కాథోడ్ పూతలో గీతలు

లిథియం అయాన్ బ్యాటరీ కోసం రేకు మీద ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) కాథోడ్ పూత పూస్తుంటే బ్లేడు వెనక సన్నటి గీతలు పడుతున్నాయా? ముందు, కరెంటు బాగా పారడానికి కలిపే కార్బన్ నానోట్యూబుల ఉండల్ని అనుమానించండి. పొడిని నేరుగా స్లరీలో (పూత పూసే చిక్కటి ద్రవంలో) పోస్తే పోగులు చిక్కుపడ్డ దారంలా ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. మామూలు స్టిర్రర్‌తో ఎంతసేపు తిప్పినా విడవు. ఉండ బ్లేడు కింద ఇరుక్కుని రేకు పొడవునా గీరుకుంటూ పోతుంది.

పొడి మానేసి, ఎన్‌ఎంపీ అనే ద్రావణిలో ముందే విడదీసిన 5 శాతం పేస్టు వాడాకే నాకు గీతలు ఆగాయి. 100 గ్రాముల ఘనపదార్థానికి లెక్క ఇది: ఎల్‌ఎఫ్‌పీ 96.5, కార్బన్ బ్లాక్ 1, నానోట్యూబులు 0.5 (పేస్టు 10 గ్రాములు), పొడిని అంటించి ఉంచే పీవీడీఎఫ్ 2 (8 శాతం ద్రావణం 25 గ్రాములు).

పీవీడీఎఫ్ ద్రావణంలో ముందు పేస్టు కలపాలి. అరగంటయ్యాక కార్బన్ బ్లాక్, ఆఖర్న ఎల్‌ఎఫ్‌పీ మూడు విడతల్లో. ఇక్కడ ఎన్‌ఎంపీ పోయడానికి తొందరపడకండి. ముద్దగా ఉన్నప్పుడే ఒరిపిడికి ఉండలు చితుకుతాయి, పలచబడితే పక్కకు తప్పుకుంటాయి. ముద్ద నిగనిగలాడాక 50 గ్రాముల దాకా కొంచెం కొంచెంగా పోసి, గ్రైండ్ గేజ్ (ఉండల సైజు చూపే గాడి పలక) మీద లాగి చూడండి. గీత కనిపిస్తే పూతకు వెళ్లొద్దు.

ప్రోబ్ సోనికేటర్‌తో (అల్ట్రాసౌండ్ పరికరంతో) గంటలకొద్దీ కొట్టడం నాకు నచ్చదు. ఉండలతో పాటు ట్యూబులూ తెగుతాయి, పొడవే కదా వాటి బలం!

కొనేముందు నానోట్యూబుల్లో ఇనుము శాతం అడగండి. వాటి తయారీలో వాడిన ఉత్ప్రేరకం తాలూకు ఇనుము కరిగి ఆనోడ్ మీద పేరుకుంటే సెల్ దానంతటదే డిశ్చార్జ్ అవుతుంది.