అరకు మన్యంలో ఒక కుటుంబం పండించే కాఫీ తోటను చూసి రావడం ఎలా?

అరకు వెళ్లేవారిలో చాలామంది ఘాట్ రోడ్డు పక్కన కారు ఆపి, సిల్వర్ ఓక్ చెట్ల కింద ఫొటో తీసుకుని కాఫీ తోట చూశామనుకుంటారు. నిజంగా చూడాలనుకునేవారు ఒక గిరిజన కుటుంబం సొంతంగా సాగు చేసుకుంటున్న తోటను, ఆ ఊరితో పరిచయం ఉన్న స్థానిక గైడ్ వెంట, ఒక పూట నిదానంగా చూడాలి.

అందుకు నవంబరు నుంచి జనవరి వరకు పండ్లు కోసే కాలం అనువైనది. మార్చి, ఏప్రిల్ నెలల్లో జల్లులు పడ్డాక విచ్చుకునే తెల్లని పూత ఎంతో అందంగా ఉన్నా, కొద్ది రోజులకే రాలిపోతుంది కనుక దాన్ని నమ్ముకుని ప్రయాణం పెట్టుకోలేము. కోత రోజుల్లో ఇంటిల్లిపాదీ పనిలో ఉంటారు కాబట్టి నలుగురైదుగురికి మించి వెళ్లకూడదు. విశాఖపట్నం నుంచి కిరండూల్ రైలులో వచ్చేవారు ఆ రాత్రి అరకులోనే బస చేసి, మరునాటి ఉదయం తోటకు బయలుదేరితే పనిని మొదటి నుంచీ చూడవచ్చు. గైడ్‌తో మాట్లాడేటప్పుడే తోట ఎవరిదో, మనం చెల్లించే మొత్తంలో ఆ కుటుంబానికి ఎంత చేరుతుందో అడగాలి; ఈ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పేవారినే ఎంచుకోవాలని నా అభిప్రాయం.

తోటలో మొదట తల పైకెత్తి చూడండి. ఇక్కడి అరబికా మొక్క నీడలోనే పెరుగుతుంది. ఆ నీడనిచ్చే చెట్లకే మిరియాల తీగలు పాకి, అదే నేల నుంచి ఇంటికి రెండో ఆదాయం తెస్తాయి. ఒకే కొమ్మపై ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగుల కాయలు కలిసి ఉంటాయి కాబట్టి, ఎర్రగా పండినవాటినే ఏరి కోయడానికి ఒకే మొక్క దగ్గరికి మళ్లీ మళ్లీ రావలసి ఉంటుంది. అనుమతి అడిగి మీరూ కొన్ని కోసి వారి బుట్టలోనే వేయండి. ఒక పండును నొక్కి, తియ్యని జిగురులో ఒదిగిన రెండు గింజలను నోట పెట్టుకుని చూడండి.

తరువాతి పనిని చాలామంది తొందరలో వదిలేస్తారు, కాని కాఫీ రుచి చాలావరకు అక్కడే నిలుస్తుంది, లేదా చెడుతుంది. పండు తొక్క తీసే యంత్రం, అంటే పల్పర్ ఉన్నచోట పండ్లను కోసిన రోజే తొక్క తీసి, గింజలను పులియబెట్టి, జిగురు పోయేదాకా కడిగి ఆరబెడతారు; ఇలా పైపొరతో ఎండిన గింజనే పార్చ్‌మెంట్ అంటారు. పల్పర్ అందుబాటులో లేనివారు పండును పండుగానే ఎండబెట్టి చెర్రీగా అమ్ముతారు. పైపొర కూడా తీసిన కిలో శుభ్రమైన గింజలకు సుమారు ఆరు కిలోల పండ్లు కావాలి. పండ్లుగా అమ్మితే ఎంత వస్తుంది, పార్చ్‌మెంట్‌గా అమ్మితే ఎంత, గిరిజన సహకార సంస్థకు ఇస్తారా, ఊళ్లోకి వచ్చే వ్యాపారికి ఇస్తారా అని మర్యాదగా అడిగితే, ఆ ఇంటి ఏడాది లెక్క మీకు అర్థమవుతుంది.

ఒక జాగ్రత్తను మాత్రం తప్పక పాటించాలి. 2025లో అరకు ప్రాంతపు తోటల్లో కాఫీ కాయ తొలిచే పురుగు కనిపించింది. ఈ చిన్న నల్లని పురుగు కాయలోకి తొలుచుకుపోయి, లోపలి గింజలోనే గుడ్లు పెడుతుంది. పండ్లతో, గోనె సంచులతో పాటు ఒక తోట నుంచి మరో తోటకు చేరుతుంది. అందువల్ల గుర్తుగానైనా ఒక్క కాయను కూడా వెంట తీసుకురాకండి. ఒకే రోజు రెండు తోటలకు వెళ్లకండి. బయటికి వచ్చేటప్పుడు సంచులు దులుపుకోండి.

పైపొర తీసి వేయించే యంత్రాలు సాధారణంగా ఇళ్ల దగ్గర ఉండవు కాబట్టి, ఆ తోట కాఫీ పొడి అక్కడే దొరుకుతుందని ఆశించవద్దు. వారి దగ్గర మిరియాలు ఉంటే అడిగిన ధరకు కొనండి. కాఫీని అరకులో కొనేటప్పుడు, 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు వ్యాలీ అరబికా అన్న మాటతో పాటు, గింజలు వేయించిన తేదీ కూడా పొట్లంపై ఉందో లేదో చూసుకోండి.