థెరపీకి మొదటిసారి వెళ్తున్నారా? మీ బెంగను మీ మాటల్లోనే చెప్పండి

మానసిక చికిత్స అనగానే విశాఖలో చాలామందికి ముందు గుర్తొచ్చేది చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల. అక్కడిదాకా వెళ్లేంత పరిస్థితి తమకు రాలేదనుకుని ఏళ్లకేళ్లు నెట్టుకొస్తారు. నిజానికి సైకోథెరపీ అంటే మామూలుగా వారానికోసారి, 45 నుంచి 50 నిమిషాలు, శిక్షణ ఉన్న మనిషితో తలుపేసుకుని మాట్లాడుకోవడం. నెల రోజులుగా నిద్ర సరిగా పట్టకపోయినా, డ్యూటీకి బయల్దేరాలంటే కడుపులో తిప్పేస్తున్నా వెళ్లడానికి ఆ కారణం చాలు.

ముందు, ఎవరి దగ్గరికి వెళ్తున్నారో తెలుసుకోండి. సైకియాట్రిస్టు అంటే ఎంబీబీఎస్ తర్వాత మనోవైద్యంలో ఎండీ గానీ డీపీఎం అనే డిప్లొమా గానీ చేసిన డాక్టరు. మందులు రాసేది ఆయనే. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు, మాటలతో చికిత్స చేస్తారు. వాళ్లకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి. నంబరు అడిగితే తప్పుపట్టుకోరు. కౌన్సెలర్ అన్న బోర్డు మాత్రం ఎవరైనా పెట్టేసుకోవచ్చు. అందుకే ఏం చదివారో, ఎక్కడ శిక్షణ తీసుకున్నారో ఫోన్లోనే అడగండి. ఫీజెంత, ఎన్ని నిమిషాలు, రాలేకపోతే ఎన్ని గంటల ముందు చెప్పాలి అన్నవీ ఆ కాల్‌లోనే తేల్చుకోండి. చాలాచోట్ల 24 గంటల ముందు చెప్పకపోతే ఫీజు కట్టాల్సి వస్తుంది.

భాష సంగతి తప్పకుండా అడగండి. ఇంగ్లీషులో ఆఫీసు నడిపేవాళ్లు కూడా ఏడుపొచ్చినప్పుడు తెలుగులోకే వస్తారు. "నాకు డిప్రెషన్ అండి" అంటే థెరపిస్టుకు తెలిసేది తక్కువ. దిగులు వేరు, బెంగ వేరు, గుబులు వేరు, గాబరా వేరు. ఊళ్లో ఒంటరిగా ఉన్న అమ్మ గురించి ఉండేది బెంగ. కారణం లేకుండా సాయంత్రమయ్యేసరికి కమ్ముకునేది దిగులు. లిఫ్టులో చెమటలు పట్టి, గుండె దడదడలాడి, ఇక అయిపోయాననిపించేది గాబరా. ఈ తేడాను బట్టే చికిత్స మారుతుంది. కాబట్టి జబ్బు పేరు వెతుక్కుని వెళ్లకండి. తల దిమ్ముగా ఉంటోంది, ఒళ్లు లేవనంటోంది, అన్నం ముద్ద దిగడం లేదు అని మీ ఇంట్లో మాట్లాడుకునే మాటల్లోనే చెప్పండి.

వెళ్లేముందు ఒక కాగితం మీద రాసుకోండి: ఇది ఎప్పుడు మొదలైంది, రాత్రి ఎన్ని గంటలు పడుకుంటున్నారు, బరువేమైనా తగ్గారా, వాడుతున్న మందులు ఎన్ని మిల్లీగ్రాములు, మద్యం ఎంత, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా. పాత థైరాయిడ్, బీ12 రిపోర్టులుంటే పట్టుకెళ్లండి. వాటిలో తేడా ఉన్నా నీరసం, దిగులు రావచ్చు. అలాంటప్పుడు మాటలతో మాత్రమే నయం కాదు.

మొదటి రోజు సగం సమయం ప్రశ్నలకే పోతుంది. సమ్మతి పత్రం మీద సంతకం పెట్టిస్తారు. డిప్రెషన్ ఎంతుందో చూసే తొమ్మిది ప్రశ్నల పీహెచ్‌క్యూ-9, ఆందోళన ఎంతుందో చూసే ఏడు ప్రశ్నల జీఏడీ-7 లాంటి ఫారాలు ఇవ్వొచ్చు. గత రెండు వారాల సంగతే అందులో అడుగుతారు. చచ్చిపోవాలని అనిపించిందా అని కూడా అడుగుతారు. అలా అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. నిజం చెప్పండి. అనిపించిందని చెప్పగానే ఎవరూ ఆసుపత్రిలో పడేయరు. ఎంత ప్రమాదముందో చూసి, ఆ ఆలోచన వచ్చిన రాత్రి ఏం చేయాలో, ఎవరికి ఫోన్ చేయాలో మీతో కూర్చుని రాస్తారు.

చెప్పింది బయటికి పోతుందేమోనన్న భయం సహజమే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం గోప్యత మీ హక్కు. మీ ప్రాణానికో ఇతరులకో ముప్పున్నప్పుడు, కోర్టు ఆదేశమున్నప్పుడు, పిల్లలపై లైంగిక నేరం గురించి తెలిసినప్పుడు మాత్రం మినహాయింపు. అమ్మో, భర్తో తోడొస్తే మొదట మీరొక్కరే లోపలికి వెళ్లండి. చెప్పాల్సిందేమైనా ఉంటే చివరి పది నిమిషాలు వాళ్లనూ కూర్చోబెట్టుకోవచ్చు. మనది పెద్ద ఊరే అయినా ఆర్కే బీచ్‌లో థెరపిస్టు ఎదురుపడడం వింతేం కాదు. అప్పుడు పలకరించాలా, చూడనట్టు వెళ్లిపోవాలా అన్నది ముందే అనుకోండి. ఇక డబ్బు అప్పడిగినా, క్లినిక్ బయట కలుద్దామన్నా, ఒంటి మీద చెయ్యి వేసినా ఆ థెరపిస్టు దగ్గరికి మళ్లీ వెళ్లకండి.

చాలామంది నిరాశపడేది ఒకచోటే. ఉద్యోగం మానేయాలా, విడిపోవాలా అన్నది థెరపిస్టు తేల్చేస్తారనుకుంటారు. మంచి థెరపిస్టు తేల్చరు. మీరు ఎక్కడ ఆగిపోతున్నారో మీకే కనిపించేలా చేస్తారు. ఇంటికి పనిస్తారు కూడా: ఏం జరిగింది, ఏమనుకున్నాను, ఒంట్లో ఏమైంది, ఏం చేశాను అని నాలుగు గడులు గీసి నింపమంటారు. చేయకపోతే సిగ్గుపడి మానేయకండి. ఎందుకు చేయలేకపోయారో చెప్పడం కూడా పనికొస్తుంది.

మొదటి రెండు మూడు వారాలు తిరిగొచ్చాక తల బరువుగా, చిరాకుగా అనిపించొచ్చు. కదపని గాయాన్ని కదిపారు మరి. సెషన్ తర్వాత అరగంట ఖాళీ ఉంచుకోండి. నైట్ డ్యూటీ దిగిన పొద్దున మాత్రం వద్దు, నిద్రలేని బుర్ర ఏదీ పట్టుకోదు. గాజువాక నుంచి ఎంవీపీ కాలనీకి ప్రతివారం రాలేకపోతే వీడియోలో చేయొచ్చు, కానీ ఇంట్లో అందరికీ వినిపించేచోట కాదు. డాబా మీదకు వెళ్లండి, లేదా పార్క్ చేసిన కారులో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చోండి.

కాస్త తేలికపడగానే రెండో సెషన్‌తోనే ఆపేసేవాళ్లు ఎక్కువ. ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చుకోవడం నేర్పే సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ) లాంటి పద్ధతికి మామూలుగా 12 నుంచి 20 సెషన్లు పడతాయి. మందులు కూడా వాడుతుంటే సొంతంగా ఆపొద్దు. డిప్రెషన్ మందులు పనిచేయడానికే కొన్ని వారాలు పడుతుంది.

ఫీజు భారమైతే చినవాల్తేరు ప్రభుత్వ వైద్యశాల ఓపీకి వెళ్లండి. రద్దీ వల్ల మాట్లాడే సమయం తగ్గొచ్చు. సైకాలజిస్టును కలవాలని ఓపీలో స్పష్టంగా అడగండి. బయటికి కదల్లేని స్థితిలో ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, రాత్రీపగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. ప్రాణం మీదకొస్తే 112 గానీ 108 గానీ.

నాలుగు సెషన్లయినా మనసు విప్పలేకపోతుంటే ఆ మాటే చెప్పండి: "మీరు చెప్పేది నాకు అందడం లేదండి, వేరేలా చేద్దామా?" అప్పటికీ కుదరకపోతే మారొచ్చు. వచ్చేసేముందు మీ రికార్డు, ఒక పేజీ సారాంశం అడిగి తీసుకోండి. రికార్డు పొందడం కూడా ఆ 2017 చట్టమిచ్చిన హక్కే. కొత్తవారి దగ్గర కథంతా మొదటి నుంచి చెప్పుకునే బాధ తగ్గుతుంది.