కర్నూలు హోటల్ సర్వర్లు జీతం బాకీకి కలిసి దరఖాస్తు వేయడం ఎలా

ఒకే హోటల్‌లో పదిమందికి జీతం తక్కువ పడుతుంటే పది దరఖాస్తులు అక్కర్లేదు. 2025 నవంబర్ 21న అమల్లోకొచ్చిన వేతనాల కోడ్ అనే చట్టం ప్రకారం ఎంతమంది తరఫునైనా ఒకే దరఖాస్తు చాలు. రిజిస్టరైన యూనియన్‌లో సభ్యులైతే యూనియనే వేయొచ్చు. ఒక్కడు అడిగితే వాణ్ణి మాన్పించడం తేలిక. అందరినీ మాన్పిస్తే మధ్యాహ్నం భోజనాలు వడ్డించేదెవరు?

దరఖాస్తు ఒకటే అయినా లెక్క ఎవరిది వాళ్లదే. ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. "అందరికీ ఓటీ (అదనపు గంటల జీతం) రావాలి" అని రాస్తే చాలదు. ఒక్కొక్కరికి ఏ నెల, ఎన్ని గంటలు, ఎంత బాకీ అని పట్టిక వేయండి. నెలకు 12,000 జీతం, 26 రోజులు, రోజుకు 8 గంటలు అనుకుంటే గంటకు 57.69 రూపాయలు. ఓటీకి దానికి రెట్టింపు, 115.38. రోజుకు 3 గంటలు అదనంగా చేస్తే నెలకు 78 గంటలు, అంటే 9,000 రూపాయలు. టిప్పు కస్టమర్ ఇచ్చేది, దాన్ని జీతంలో కలిపి చూపిస్తే ఒప్పుకోవద్దు.

పగిలిన ప్లేటుకు కోత వేయాలంటే ముందు మీ సంజాయిషీ వినాలి, నష్టం విలువకు మించకూడదు. జరిమానా అయితే ఆ నెల జీతంలో 3 శాతం దాటకూడదు, 12,000కు 360.

కాగితాలు లేవని భయపడకండి. జీతం పూర్తిగా ఇచ్చామని రుజువు చేయాల్సింది యజమానే. మీరు అక్కడ పనిచేశారని మాత్రం చూపాలి: ఫోన్‌పేలో పడిన జీతం, డ్యూటీ వాట్సాప్ మెసేజ్‌లు, యూనిఫాంలో ఫొటో, ఈ రోజు నుంచే వచ్చిన వేళ, వెళ్లిన వేళ రాసుకునే చిన్న నోటుబుక్కు. ఖాళీ వోచరు మీద సంతకం అస్సలు పెట్టొద్దు.

దరఖాస్తును కర్నూలు కార్మిక శాఖ కార్యాలయంలో ఇచ్చి, మీ కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి. బాకీ పడిన నాటి నుంచి 3 ఏళ్లలోపు వేయాలి. అధికారి 3 నెలల్లో తేల్చే ప్రయత్నం చేయాలి, బాకీకి 10 రెట్ల దాకా పరిహారం కూడా వేయొచ్చు. అప్పటికీ కట్టకపోతే కలెక్టర్ భూమి శిస్తు బకాయిలా వసూలు చేస్తారు. కాబట్టి దరఖాస్తులో బోర్డు మీది హోటల్ పేరు ఒక్కటే రాయొద్దు. జీఎస్టీ బిల్లులో, గోడకు తగిలించిన ఫుడ్ లైసెన్సులో ఉన్న యజమాని పేరు కూడా రాయండి.