‘ఆయన కొట్టాడు’ అని చెప్పుకున్న మనిషి పక్కన ఎలా కూర్చోవాలి?

ఇంట్లో దెబ్బలు తింటున్న ఆడమనిషి నోరు విప్పడానికి నెలలు పడుతుంది, కొందరికి ఏళ్ళు. వినేవాళ్ళు ఐదు నిమిషాల్లో దాన్ని పాడుచేస్తారు. పన్నెండేళ్ళుగా ఇలాంటివాళ్ళ పక్కన కూర్చుంటున్నాను. నా దగ్గరికి వచ్చేసరికే చాలామంది ఎవరో ఒకరికి చెప్పుకుని, చెప్పినందుకు బాధపడి ఉంటారు. అందుకే అక్కలు, వదినలు, పక్కింటివాళ్ళు, ఆఫీసులో పక్క సీటువాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. వైద్యం మీ పని కాదు. మొదట విన్న మనిషి మీరైతే ఎలా ఉండాలో చెబుతాను.

ఏం కావాలి?

తలుపు వేసుకునే వీలున్న గది, మంచినీళ్ళు, ఓ గంట తీరిక. టీవీ ఆపేయండి, ఫోన్ సైలెంట్‌లో పెట్టండి. ఆమె పిల్లలు వెంట ఉంటే వేరే గదిలో ఎవరైనా ఆడించాలి. మూడేళ్ళ పిల్ల కూడా ఇంటికెళ్ళి ‘అమ్మ ఆంటీ దగ్గర ఏడ్చింది’ అని చెప్పేస్తుంది. ఎదురుగా కూర్చోవద్దు, విచారణలా ఉంటుంది. పక్కన కూర్చోండి, చాప మీదైతే మరీ మంచిది. కన్నీళ్ళు రాగానే రుమాలు చేతిలో పెట్టకండి, ‘ఇక చాలు’ అన్నట్టు ఉంటుంది. చేతికందేంత దూరంలో ఉంచండి.

ఎలా అడగాలి?

నలుగురిలో ‘ఆ మచ్చేంటి?’ అని అడిగితే ‘తలుపు తగిలింది’ అంటుంది. ఒంటరిగా ఉన్నప్పుడు ‘ఇంట్లో ఎవరైనా నిన్ను భయపెడుతున్నారా?’ అని అడగండి. ‘లేదు’ అంటే వదిలేయండి. ‘ఎప్పుడు చెప్పాలనిపించినా నేనున్నాను’ అని ఊరుకోండి.

చెప్పిన తర్వాతి పది నిమిషాలు

అందరూ చెడగొట్టేది ఇక్కడే. ఇది రెండుసార్లు చదవండి.

ఆమె ముందు ‘చేయి చేసుకున్నాడు’ అంటుంది. మెత్తని మాట ఎంచుకుంటుంది. మీరు ‘అతనా? అంత నెమ్మదస్తుడు కదా!’ అన్నారంటే ఆ తలుపు మూసుకున్నట్టే. ‘ఎందుకు కొట్టాడు?’ అనీ అడగొద్దు. మీరు మామూలుగానే అడిగి ఉంటారు, కానీ ఆ ప్రశ్న ఆమె తప్పును వెతుకుతుంది. ‘కూర మాడింది, అందుకని’ అని ఆమే ఓ కారణం చూపించి, ఆ కారణాన్ని తనే నమ్మడం మొదలుపెడుతుంది. ‘ఇన్నాళ్ళు ఎందుకు భరించావు?’ అన్నదీ అలాంటిదే. ‘పిల్లల మొహం చూసి సర్దుకుపో’ అన్న మాట ఆమె పుట్టింట్లోనే విని వచ్చి ఉంటుంది.

ప్రేమతో చేసే తప్పు ఇంకోటి ఉంది. ‘వాణ్ణి వదిలిపెట్టకూడదు, పద, ఇప్పుడే పోలీస్ స్టేషన్‌కి పోదాం’ అని చెయ్యి పట్టుకు లాగడం. ఆ ఇంట్లో ఏ కూర వండాలో, ఎవరితో ఫోన్ మాట్లాడాలో అన్నీ ఇంకొకరే నిర్ణయిస్తున్నారు. ఇప్పుడు మీరూ ఆమె బదులు నిర్ణయిస్తే తేడా ఏముంది? పైగా మీరు అతన్ని తిట్టగానే ఆమె ‘తాగితేనే అలా, లేకపోతే మంచోడే’ అని అతని తరఫున మాట్లాడాల్సి వస్తుంది.

మరి ఏమనాలి? ‘నువ్వు చెప్పింది నమ్ముతున్నాను. ఇందులో నీ తప్పు లేదు.’ అంతే. తర్వాత ఊరుకోండి.

ఈ ఊరుకోవడమే కష్టం. కొత్తలో ఒకామె స్టీలు గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, నీళ్ళు తాగకుండా అంచు మీద బొటనవేలు తిప్పుతూ కూర్చుంది. రెండు నిమిషాలయ్యేసరికి నాకు టెన్షన్ ఎక్కువై ‘పోనీలే అమ్మా, ఊరుకో’ అన్నాను. గ్లాసు కింద పెట్టి, కొంగు సర్దుకుని ‘వెళ్ళొస్తానక్కా’ అంది. మళ్ళీ ఎనిమిది నెలలకు వచ్చింది. అప్పుడు నేను నోరు మెదపలేదు. చాలాసేపటికి, కొడుతున్నప్పుడు తోటికోడలు గుమ్మంలో నిలబడి నవ్విందని చెప్పింది. మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందని మనవాళ్ళు ఎగతాళిగా సామెత చెబుతారు. అందులో ఎగతాళి చెయ్యాల్సింది ఏమీ లేదు. దెబ్బ గురించి చెప్పగలరు, అవమానం గురించి చెప్పడానికే గొంతు పెగలదు. అది బయటికి రావడానికే ఆ నిశ్శబ్దం.

చెప్పేది ముందువెనకలుగా ఉంటుంది, తేదీలు కలవవు. అబద్ధమనుకోకండి, లాయరులా నిలదీయకండి. భయంలో జరిగింది ముక్కలుముక్కలుగానే గుర్తుంటుంది. కొందరు చెబుతూ నవ్వుతారు కూడా.

రెండు ప్రశ్నలు మాత్రం సూటిగా అడగాలి. ఒకటి, ‘గొంతు పట్టుకున్నాడా?’ పట్టుకుంటే, పైన మచ్చ లేకపోయినా ఆసుపత్రికి వెళ్ళాలని గట్టిగా చెప్పండి. లోపల వాపు తర్వాత ముదరవచ్చు. పైగా గొంతు నులిమినవాడు ప్రాణం తీసేదాకా వెళ్ళే ప్రమాదం ఎక్కువ. రెండు, ‘చచ్చిపోవాలనిపిస్తోందా?’ అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడకండి, పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలొద్దు. 14416 టెలి మానస్ నంబరు, అంటే మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడతారు.

పంచాయతీ వద్దు

పెద్దమనుషుల్ని పిలిచి ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టడం మనకు అలవాటు. ఇప్పుడు దానికే కౌన్సెలింగ్ అని పేరు పెట్టి చేసేవాళ్ళూ ఉన్నారు. నేను ఒప్పుకోను. అతని ముందు ఆమె నిజం చెప్పదు, చెబితే ఆ రాత్రి దాని లెక్క తేలుస్తాడు. పెద్దమనుషులు చూసేది కాపురం నిలబడిందా అని, ఆమె ఎలా ఉందని కాదు. ఆమెతో ఎప్పుడూ ఒంటరిగానే మాట్లాడాలి.

దారులు

ఇవి ఆమె ముందుంచండి, ఎంచుకోవడం ఆమె పని. ప్రాణం మీదికొస్తే 112. మహిళల హెల్ప్‌లైన్ 181. కాగితం మీద రాసివ్వకండి, మూడంకెలే కాబట్టి గుర్తుంటుంది. హింసకు గురైన ఆడవాళ్ళ కోసం ప్రభుత్వం పెట్టిన సఖి కేంద్రంలో వైద్యం, పోలీసు సాయం, న్యాయ సలహా, కౌన్సెలింగ్ ఒకేచోట ఉచితంగా దొరుకుతాయి, ఐదు రోజుల వరకు తలదాచుకోవచ్చు. 2005 గృహహింస చట్టం కింద తిట్లు, బెదిరింపులు, డబ్బివ్వకుండా వేధించడం కూడా హింసే. ఇల్లు ఎవరి పేరున ఉన్నా ఆమెకు అందులో ఉండే హక్కుంది. ఆదాయంతో పని లేకుండా ఆడవాళ్ళకు లాయరును ఉచితంగా ఇస్తారు, ఆ నంబరు 15100.

ఇల్లు వదిలే సమయమే అన్నిటికంటే ప్రమాదం, కాబట్టి తొందరపెట్టకండి. వెళ్ళాలనుకుంటే ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, పిల్లల సర్టిఫికెట్లు, మందుల చీటీలు ఒక్కొక్కటిగా మీ ఇంటికి చేర్చుకోవచ్చు. మళ్ళీ ఆ ఇంటికే వెళ్ళిందంటే ‘చెప్తే విన్నావా?’ అనొద్దు. చాలామంది ఒకటికి రెండుసార్లు వెనక్కి వెళ్ళాకే బయటికి వస్తారు. ఆ మాటతో ఆమె రాగలిగిన ఒక్క గుమ్మమూ మూసినవాళ్ళవుతారు.

ఆమె ఫోన్‌కి దీని గురించి మెసేజ్ పెట్టకండి, అతను చూస్తాడు. ఇద్దరూ ఓ మామూలు మాట గుర్తుగా పెట్టుకోండి. నేను ‘పెరుగు తోడు ఉందా?’ అన్నది వాడతాను, ఎవరు చూసినా అనుమానం రాదు. అది వస్తే మీరు పరుగున రావాలా, 112కి చెయ్యాలా అన్నది ఆమెనే అడిగి, వెళ్ళేలోపే ఖాయం చేసుకోండి.