విద్యుత్ ఎయిర్ ట్యాక్సీ ఎక్కే ముందు జాగ్రత్తలు

నిట్టనిలువుగా లేచే ఈ విమానాలను ఒక మోటారు ఆగినా మిగిలినవి మోసేలా రూపొందిస్తారు. జోబీ కంపెనీ విమానానికి 6, ఆర్చర్ కంపెనీ విమానం మిడ్‌నైట్‌కు 12 ప్రొపెల్లర్లు ఉండటానికి అదొక కారణం. నేలమీద మాత్రం మన జాగ్రత్తలో మనం ఉండాలి.

సిబ్బంది పిలిచేదాకా గీత దాటకండి. ప్రొపెల్లర్లు కిందికి తోసే గాలి నేలను తాకి పక్కలకు బలంగా చిమ్ముతుంది కనుక టోపీ, చున్నీ, విడి కాగితాలు ముందే సంచిలో పెట్టి జిప్ వేసుకోవాలి. చప్పుడు తక్కువ కదా అని ప్రొపెల్లర్లు ఆగిపోయాయనుకోవడం పొరపాటు.

బరువు అడిగితే సామానుతో సహా నిజం చెప్పండి. ఇంధనంలా కాకుండా, ఛార్జింగ్ ఖర్చయినా బ్యాటరీ బరువు తగ్గదు కాబట్టి దిగేటప్పుడూ మోటార్లు అంత భారమూ మోయాల్సిందే. ఉబ్బిన పవర్‌బ్యాంక్ వెంట తీసుకెళ్ళరాదు.

కొన్ని నమూనాలలో విమానానికే పారాచూట్ ఉన్నా, నేలకు మరీ దగ్గరలో అది విచ్చుకునే వ్యవధి ఉండదు. బెల్టు బిగించి, లాగి చూసుకోండి.